నిన్నటి తేదీ

జువ్విలంకలో గండి పూడ్చాలన్నా, వల లాగాలన్నా ముందు పిలుపు రావాలి. తెలతెలవారుతుండగా బుల్లిరాజు భుజాన తుండుగుడ్డ వేసుకుని ఊరి ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తాడు. ప్రతి గుమ్మం ముందూ ఆగి ఇంటి పెద్ద పేరు పెట్టి పిలుస్తాడు. "ఏవండీ ఫలానావారూ, కట్టకి రండి." పిలిచిన ఇంటి నుంచి ఒక మనిషి పార పట్టుకుని వెళ్ళాలి. వెళ్ళిన ఇంటికి సొసైటీ చెరువులో వాటా ఉంటుంది. పిలవని ఇంటికి వాటా ఉండదు, బల్లకట్టు మీద పలకరింపు ఉండదు, ఆ ఇంట్లో మనిషి పోయినా మోయడానికి నలుగురు రారు. వెలి వేశామని ఎవరూ నోటితో అనరు. పిలుపు ఆ గుమ్మం ముందు ఆగదు, అంతే.

మమతకు ఊహ తెలిసినప్పటి నుంచి పిలుపు వాళ్ళ గుమ్మం దాటిపోయింది లేదు. బుల్లిరాజు గొంతు వీధి మలుపులో వినబడగానే ఆమె తండ్రి కొండలరావు చుట్ట పక్కన పెట్టి పార అందుకునేవాడు. "నీ పేరింకా పిలవందే ఎక్కడికిరా," అని నాంచారమ్మ కొడుకును ఎగతాళి చేసేది. "పిలుస్తాడులేమ్మా, వాడెక్కడికి పోతాడు," అనేవాడు కొండలరావు.

పదో తరగతి దాకా ఊరి బళ్ళో చదివి, ఇంటరుకని మమత ఏలూరు వచ్చి హాస్టల్లో చేరింది. మాట తక్కువ పిల్ల. ఎవరైనా పేరడిగితే చెప్పి, మళ్ళీ అడుగుతారేమోనని భయపడేది. చెప్పుకోలేనివన్నీ డైరీలో రాసుకునేది. ఒకరోజు ఆ డైరీ మెస్సులో కంచాల మధ్య కనబడింది. "మా ఊరి కొంగలు మా నానమ్మకు తప్ప ఎవరికీ భయపడవు" అన్న వాక్యం ఎవరో గట్టిగా చదివారు. ఆ రోజు నుంచి ఆమెను కొంగా అని పిలవడం మొదలైంది. మమత డైరీని ట్రంకుపెట్టె అడుగున పెట్టేసి రాయడం మానేసింది.

హాస్టలు వెనక సందులో దస్తగిరిగారి జెరాక్సు కొట్టు ఉంది. కొట్టు వెనక భాగంలో ప్లైవుడ్డు చెక్కలు అడ్డం పెట్టి కంప్యూటర్లు వేశారు. ఆ నెట్ సెంటర్ని ఆయన కూతురు నజ్నీన్ చూసుకునేది. డిగ్రీ చదువుతోంది, ఎవరితోనైనా ఇట్టే కలిసిపోతుంది. నోట్సు జెరాక్సుకని వచ్చిపోయే మమత చేత మాట్లాడించడం ఆమె ఒక పంతంగా పెట్టుకుంది. కొంగ సంగతి బయటపెట్టించడానికి చాలాకాలమే పట్టింది.

"డైరీ కాగితం మీద రాస్తే దొంగలు చదువుతారు. బ్లాగులో రాసుకో," అంది నజ్నీన్.

"బ్లాగంటే లోకమంతా చూస్తుందంట కదక్కా."

"లోకమంతా చూడొచ్చు కాబట్టే ఎవరూ చూడరు. హాస్టల్లో దాచావు, అందరూ చదివారు. ఇది నడివీధిలో పెట్టు, ఒక్కరూ తిరిగి చూడరు."

మమతకు ఆ మాట నచ్చింది. మూడో కంప్యూటరు ముందు కూర్చుంది. మిగతావాటిలో తెలుగు తెరిస్తే అన్నీ డబ్బాల్లా కనబడేవి, అక్షరాలు సరిగా కనబడేది ఆ ఒక్కదాంట్లోనే. నజ్నీన్ కుర్చీ లాక్కుని పక్కన చేరింది.

"ఇదిగో, పైన ఈ సన్న గడిలో పేరు రాయాలి. కింద పెద్ద గడిలో నీ కథంతా. అడుగున రెండు బొత్తాలున్నాయా. ఇది డ్రాఫ్టు. దీన్ని నొక్కితే రాసింది దాచిపెడుతుంది, నీకు తప్ప ఎవరికీ కనబడదు. ఇది పబ్లిష్. నొక్కావంటే వదిలేసినట్టే."

"వదిలేశాక మళ్ళీ పట్టుకోలేమా?"

"పట్టుకోవచ్చు. దిద్దుకోవచ్చు, తీసేసుకోవచ్చు. చెరువులోంచి పోయిన చేపపిల్లా ఏంటి మరీ." కొల్లేటి పిల్ల కదా అని నజ్నీన్ వేళాకోళమాడింది.

తరవాత చెప్పింది మమతకు ఇంకా బాగా అర్థమైంది. నజ్నీన్ నానమ్మ తివాచీలు నేసేదట. నిలువు మగ్గం మీద కింద నుంచి మొదలుపెడితే కొత్త వరస ఎప్పుడూ పైనే ఉంటుంది. బ్లాగూ అలాగే. కొత్త పోస్టు పైకి వస్తుంది, పాతది కిందకు జరుగుతుంది. నెల తిరిగితే పాతవన్నీ చుట్టచుట్టి పక్కనున్న అరలో పెట్టేస్తుంది, దాన్ని ఆర్కైవ్ అంటారు. రంగూ అంచూ టెంప్లేటు అనే పేరుతో వాళ్ళే ఇస్తారు. ముడులు వేసుకుంటూ పోవడమే మన పని. చదివినవాళ్ళకు ఏమైనా చెప్పాలనిపిస్తే కింద కామెంటు రాస్తారు.

"ఈ సెట్టింగ్స్ జోలికి మాత్రం పోకు," అని చివర్లో హెచ్చరించింది నజ్నీన్. "అందులో ఏది కదిపితే ఏమవుతుందో నాకే సరిగ్గా తెలీదు."

మమత పోలేదు. పరాయివాళ్ళ పడవ ఇంజను మీద చెయ్యి వెయ్యకూడదని చెప్పి పెంచిన ఇల్లు వాళ్ళది.

ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగులోకి మార్చిపెట్టే పేజీ ఒకటుంది. అందులో కొట్టి, తెచ్చి పెద్ద గడిలో అతికించేది. నానమ్మ గురించి రాసింది. కిక్కిస రెల్లులో గుడ్లు పెట్టే పిట్టల గురించి రాసింది. ప్రతి పోస్టు కింద బూడిద రంగు సన్నక్షరాలతో తేదీ, సమయం పడేవి. పొద్దునపూట రాసినవాటికి ఆ తేదీ ముందురోజుది కావడం మమత మొదటి వారంలోనే గమనించింది. నజ్నీన్‌ను అడగడానికి సిగ్గేసింది. పొద్దు పొడవకముందు పుట్టిన బిడ్డది నిన్నటి లెక్కే అని నానమ్మ పంచాంగం చెప్పేది కదా. కంప్యూటరుకూ అలాంటి లెక్కేదో ఉండి ఉంటుందనుకుని ఊరుకుంది.

ఒకసారి ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి కామెంటు రాశాడు. "చాలా హాయిగా రాస్తున్నారండీ. ఆపకండి." మమత దాన్ని చదివి, లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చి మళ్ళీ చదివింది. జవాబు మాత్రం రాయలేదు. పరాయి మనిషికి ఏమని రాస్తారో ఆమెకు తెలియదు.

ఆ ఏడు దసరా సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఊళ్ళో గండి పూడ్చారు. అంతకుముందు ఏడాది కొల్లేటి సరస్సులో చెరువులన్నీ కొట్టేసినప్పుడు ఫారెస్టువాళ్ళు జువ్విలంక సొసైటీ చెరువు కట్టనూ తెగ్గొట్టి పోయారు. అది పక్షుల సరస్సు, కట్టలు వేయకూడదన్నారు. పనికని పెదవేగి పామాయిలు తోటలకు వెళ్ళినవాళ్ళు వెళ్ళారు, మిగిలినవాళ్ళు అప్పటి నుంచి నీళ్ళకేసి చూస్తూ కూర్చున్నారు. చివరకు గుట్టుగా పూడ్చి చేపపిల్లను వదలాలని పెద్దలు తీర్మానించారు. బుల్లిరాజు పిలుపు వేశాడు. అందరూ కదిలారు.

సెలవులయి ఏలూరు వచ్చాక కూడా అదే మమత కళ్ళల్లో తిరుగుతోంది. ఒక గురువారం పొద్దున లెక్చరరు రాకపోవడంతో క్లాసు లేదు. తిన్నగా నెట్ సెంటరుకు పోయి మూడో కంప్యూటరు ముందు కూర్చుని ఏకబిగిన రాసింది.

"మా నాన్న కొండలరావు మెడలోతు నీళ్ళలో నిలబడి తాటి గుంజ పట్టుకున్నాడు. ఒడ్డున ఆడవాళ్ళు కిక్కిస మోపులు అందించారు. గండి మూసుకునే ముందు నీళ్ళు గట్టిగా అరుస్తాయి. ఆఖరి మోపు పడ్డాక ఒక్కసారి నోరు మూసుకుంటాయి. అప్పుడు జువ్విలంకలో అందరూ ఒక్క ఇంటివాళ్ళలా కనబడ్డారు."

పబ్లిష్ నొక్కేటప్పటికి పది దాటింది. నాలుగు గంటల ముందే, పొద్దు పొడిచేవేళకే, పొక్లెయిన్లు వచ్చి అదే గండి మళ్ళీ తవ్వేశాయనీ, వదిలిన చేపపిల్లంతా సరస్సులోకి పోయిందనీ ఆమెకు తెలియదు.

శనివారం సాయంత్రం కొండలరావు హాస్టలు గేటు దగ్గరకు వచ్చాడు. కూతురి మొహం చూడకుండా, "ఒకసారి ఊరికి రావాలమ్మా. చలపతిరావుగారు నిన్నేదో అడుగుతారంట," అన్నాడు. బస్సులోనూ, బల్లకట్టు మీదా ఇంకో మాట మాట్లాడలేదు. బల్లకట్టు మీద ఎవరూ వాళ్ళను పలకరించలేదు కూడా.

చలపతిరావు సొసైటీ ప్రెసిడెంటు. ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి. మర్నాడు పొద్దున సొసైటీ షెడ్డులో చాపల మీద ఊరంతా కూర్చుని ఉండగా, మడతపెట్టిన ఒక కాగితం విప్పాడు. పక్కన ఆయన అల్లుడు నిత్యానందం ఉన్నాడు. తాడేపల్లిగూడెంలో డీటీపీ షాపు అతనిది.

"ఇది నువ్వు రాసిందేనామ్మా?"

"అవునండి," అంది మమత. తనకే వినబడలేదు.

"బాగా రాశావు. తెలుగు బ్లాగులన్నీ ఒకచోట చూపించే సైటేదో ఉందంట. అందులో ఊరి పేరు చూసి మా అల్లుడు సంబరపడి, అచ్చు తీసి పట్టుకొచ్చాడు. నాకూ సంతోషమే. కానీ అడుగున ఈ తేదీ చూడు. బుధవారం రాత్రి తొమ్మిదిన్నర అని ఉంది. గురువారం తెల్లారేసరికి ఫారెస్టువాళ్ళు మిషన్లతో గండి దగ్గరున్నారు. గుంజలెక్కడ పాతామో కూడా ఇందులో ఉంది."

"నేను గురువారం పొద్దున రాశానండి. పది గంటలకి."

పక్కింటి దుర్గారాజు నవ్వాడు. "అయితే అబద్ధం కంప్యూటరే ఆడిందన్న మాట. ఇన్నాళ్ళూ మనుషులమే ఆడతామనుకున్నాం."

షెడ్డులో కొందరు నవ్వారు. కొండలరావు లేచి నిలబడ్డాడు. దారి పొడుగునా దాచుకున్న మాట ఒకటుంది ఆయన దగ్గర, అది ఇప్పుడు బయటకు తీశాడు. "ఆరింటికే హాస్టలు గేటు వేసేస్తారండి. ఆ వేళప్పుడు పిల్ల బయటకు రావడానికే లేదు. రాత్రి ఎలా రాస్తుందండి?"

చలపతిరావు తల దించుకున్నాడు. "నేనూ అదే అనుకున్నాను కొండలరావూ. మరి రాత్రి తొమ్మిదిన్నరకి కంప్యూటరు ముందు ఎలా ఉందో, ఎవరి దగ్గరుందో, నేను అడగకూడదని ఊరుకున్నాను."

ఎవరూ నవ్వలేదు. వెనక కూర్చున్న ఆడవాళ్ళలో ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొండలరావు అలాగే నిలబడిపోయాడు. కూర్చోవాలని కూడా ఆయనకు తోచలేదు. మమత వెళ్ళి తండ్రి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"నిన్నెవరూ ఏమీ అనట్లేదమ్మా," అన్నాడు చలపతిరావు. "కార్తీకంలో కట్టకి మళ్ళీ పిలుపు వేస్తాం. ఈలోగా సంగతేమిటో తేల్చుకుని రండి."

సోమవారం ఏలూరు చేరిన మమత నోట ఏడుపు లేకుండా ఒక్క వాక్యం కూడా రాలేదు. నజ్నీన్ అంతా విని, ఎవరూ ముట్టుకోని ఆ సెట్టింగ్స్ పేజీ తెరిచింది. వెతగ్గా వెతగ్గా ఒక గడిలో సంగతి దొరికింది.

"ఇది అమెరికా పడమటి తీరం టైము. ఆ సాఫ్ట్‌వేరు వాళ్ళది కదా, మనం ఏ దేశం వాళ్ళమో చెప్పకపోతే వాళ్ళ గడియారమే వేస్తుంది. మనకి పొద్దున పదైతే వాళ్ళకి ఇంకా ముందురోజు రాత్రి." మమత వైపు తిరిగి అంది, "ఇక్కడ చెయ్యి పెట్టొద్దన్నది నేనేగా."

గడిలో ఇండియా పెట్టి సేవ్ నొక్కింది. ఆ ఒక్క నొక్కుతో పోస్టులన్నీ కదిలాయి. నానమ్మ, పిట్టలు, గండి అన్నీ వాటి వాటి రోజుల్లోకి వచ్చి కూర్చున్నాయి. గురువారం, పొద్దున పదిగంటలు. అచ్చు తీసిన కాగితం వేడిగా చేతిలోకి రాగానే మమతకు గుండె మీద నుంచి బరువు దిగినట్టయింది.

"నెట్‌కి వచ్చినవాళ్ళ పేర్లు పుస్తకంలో రాసుకుంటారుగా అక్కా, అది కూడా చూపిస్తే?"

నజ్నీన్ మొహం పాలిపోయింది. "నువ్వు మా ఇంటి పిల్లలా వస్తావని నీ పేరెప్పుడూ రాయలేదు మమతా."

జెరాక్సు మిషను దగ్గర వింటున్న దస్తగిరి ముందుకు వచ్చాడు. "నేనొస్తానమ్మా మీ ఊరికి. గురువారం పొద్దున ఈ పిల్ల మా కొట్లోనే ఉందని పెద్దల ముందు చెబుతాను."

మమత ఆయన తెల్లగడ్డం కేసి చూసింది. పరాయి ఊరి మగమనిషి వచ్చి, ఈ పిల్ల మా కొట్లోనే కూర్చుంటుందని షెడ్డులో నిలబడి చెబితే ఆ కొంగు నోటికి ఎంత గట్టిగా అడ్డం పడుతుందో ఆమెకు తెలుసు. ఆ మంచి మనిషికి ఈ సంగతి ఎలా చెప్పాలో తెలియలేదు. నజ్నీనే అందుకుంది. "వద్దులే నాన్నా. కాగితం చాలు."

ఆ ఆదివారం షెడ్డులో మమత తన జన్మలో ఎప్పుడూ మాట్లాడనంత మాట్లాడింది. డ్రాఫ్టంటే ఏమిటో, పబ్లిషంటే ఏమిటో, తేదీ దానంతట అదే ఎలా పడుతుందో, భూమికి అటువైపు ఇంకా నిన్నటి రోజే ఎలా ఉంటుందో చెప్పింది. నాంచారమ్మ మనవరాలి నోటికేసి ఆశ్చర్యంగా చూస్తూ కూర్చుంది.

చలపతిరావు శ్రద్ధగా విన్నాడు. పాత కాగితం, కొత్త కాగితం పక్కపక్కన చాప మీద పరిచాడు. ఒకే పేరు, అవే మాటలు. అడుగున ఒకదానికి బుధవారం, ఒకదానికి గురువారం.

"ఈ తేదీ నువ్వే మార్చావా అమ్మా?"

"మార్చలేదండి. సరిచేశాం."

"అంటే, సరిచెయ్యడానికి వీలుందన్న మాట." ఆయన అల్లుడి వైపు తిరిగాడు. "ఏవండీ, ఎవరైనా ఇలా చెయ్యొచ్చా?"

నిత్యానందం ఇబ్బందిగా కదిలాడు. తాను తెచ్చిన కాగితం ఇంత పని చేస్తుందని అతను అనుకోలేదు. "చెయ్యొచ్చండి. బ్లాగున్నవాళ్ళు ఏ తేదీ కావాలంటే ఆ తేదీ పెట్టుకోవచ్చు. కానీ ఆ అమ్మాయి చెప్పేదీ నిజమే అయ్యుంటుందండి మావయ్యగారూ. మొదట్లో నా బ్లాగుకీ అలాగే పడేది."

"అయ్యుంటుంది. కాకపోయీ ఉంటుంది." చలపతిరావు రెండు కాగితాలూ కలిపి మడతపెట్టాడు. "ఎప్పుడు కావాలంటే అప్పుడు మారేదాన్ని పట్టుకుని ఊరికి నేనేం చెప్పనమ్మా?"

మమత తెచ్చిన నిజమే ఆమెకు అడ్డం నిలబడింది. దాన్ని ఏ గడిలో సరిచెయ్యాలో ఏ పేజీలోనూ ఉండదు.

కార్తీకం వచ్చింది. కాలేజీకి సెలవు పెట్టి మమత ఇంటికి వచ్చింది. రావద్దని తండ్రి అనలేదు, రమ్మనీ అనలేదు. ఆ రోజు తెలతెలవారుతుండగా ఆమె లేచేసరికి కొండలరావు అప్పటికే అరుగు మీద ఉన్నాడు. పార కడిగి, గోడకు ఆనించి పెట్టాడు. చుట్ట వెలిగించలేదు.

వీధి మలుపులో బుల్లిరాజు గొంతు వినబడింది. ఆయన కొండలరావుకు వరసకు తమ్ముడు. మమతను చిన్నప్పుడు భుజాల మీద ఎక్కించుకుని వల దగ్గరకు తీసుకుపోయినవాడు. ఒక్కో పేరూ దగ్గరవుతోంది. కొండలరావు చెయ్యి పార కర్ర మీదకు పోయింది.

"ఏవండీ దుర్గారాజుగారూ, కట్టకి రండి."

పక్కింటి తలుపు తెరుచుకుంది. అడుగుల చప్పుడు వాళ్ళ గుమ్మం దాకా వచ్చింది. బుల్లిరాజు తుండుగుడ్డను ఈ భుజం మీద నుంచి తీసి వాళ్ళ వైపున్న భుజం మీద, చెంప కప్పేలా వేసుకున్నాడు. నడక తగ్గలేదు, పెరగలేదు. అవతలి ఇంటి దగ్గర ఆగాడు.

"ఏవండీ వెంకట్రాజుగారూ, కట్టకి రండి."

ఆ తరవాత పేర్లు దూరమయ్యాయి. పారలు పట్టుకుని మనుషులు గుమ్మం ముందు నుంచి వెళుతున్నారు. ఎవరూ ఇటు చూడటం లేదు. మమత తండ్రి పక్కన అరుగు మీద కూర్చుంది. తప్పు నాదే నాన్నా అనబోయింది. అది కూడా నిజం కాదు. ఏది నిజమో చెప్పినా ఇక ఎవరికి పనికొస్తుంది?

వీధి ఖాళీ అయ్యాక కొండలరావు అడిగాడు. "ఆ గడియారం ఉన్నచోట ఇప్పుడెంతయిందమ్మా?"

మమత వేళ్ళు ముడిచి లెక్క కట్టింది. "అక్కడింకా నిన్న సాయంత్రమే నాన్నా."

"అయితే పిలుపు ఇంకా మొదలే కాలేదన్న మాట," అన్నాడు కొండలరావు. నవ్వబోయాడు గానీ మొహం మాట వినలేదు.

లోపలి నుంచి నాంచారమ్మ గొంతు వినబడింది. "ఆ పార తడి తుడిచి లోపల పెట్టండి. తుప్పు పడుతుంది."

మమత లేచి, ఓణీ కొంగుతో పార తుడవడం మొదలుపెట్టింది.